ఆరో వాహనం: మసాయి మారాలో కెమెరాలు, రద్దీ, చీతాలు

క్లుప్తంగా: తూర్పు ఆఫ్రికా సఫారీల్లో ఒక్క జంతువు చుట్టూ పదులకొద్దీ వాహనాలు మూగడానికి పర్యాటకుల దురుసుతనం ఒక్కటే కారణం కాదు. చేతిలోని కెమెరా ఎంత దగ్గరికి వెళ్లమంటుందో, గైడు సంపాదన దేనితో ముడిపడి ఉందో, రేడియోలో కబురు ఎంత వేగంగా పాకుతుందో, టికెట్టు ఎన్ని గంటలకు చెల్లుతుందో, ఇవన్నీ కలిసి ఆ గుంపును తయారుచేస్తున్నాయి. వాహనాల సంఖ్యకు ముందే హద్దు గీసిన ప్రాంతాల్లో జంతువుల పరిస్థితి స్పష్టంగా మెరుగ్గా ఉంది.

2025 జులైలో టాంజానియాలోని సెరెంగెటి జాతీయ ఉద్యానం ఉత్తర కొసన, మారా నది ఒడ్డున తీసిన ఒక వీడియో ప్రపంచమంతా తిరిగింది. ఎద్దును పోలిన గడ్డిమేత జంతువులైన వైల్డ్‌బీస్ట్‌ల మంద నదిలోకి దిగడానికి వస్తుంటే, పర్యాటకులు వాహనాలు దిగి, సరిగ్గా ఆ దారికే అడ్డంగా నిలబడి ఫోన్లు ఎత్తి పట్టుకున్న దృశ్యం అది. అదే ఏడాది సెప్టెంబరులో దర్శకుడు ఎస్.ఎస్. రాజమౌళి బృందం చిత్రీకరణకు కెన్యా వెళ్లడంతో, సెరెంగెటిని ఆనుకుని సరిహద్దు ఇవతల ఉన్న అక్కడి మసాయి మారా అభయారణ్యం పేరు తెలుగు వార్తల్లోనూ వినిపించింది. హైదరాబాదు నుంచీ, అమెరికాలోని తెలుగు కుటుంబాల నుంచీ ఈ సఫారీలకు వెళ్లేవారు ఉన్నారు కనుక ఇది దూరపు సంగతి కూడా కాదు.

తుపాకీ పేలలేదు, ఉచ్చు వేయలేదు, జంతువును ఎవరూ తాకలేదు. మరి ఫోటో తీస్తే దానికి వచ్చే నష్టమేమిటి? చాలామందిని తికమకపెడుతున్న ప్రశ్న ఇదే. దీనికి జవాబు దొరకాలంటే కెమెరా కన్నా ముందు, కెమెరాను అక్కడికి చేరవేసే ఏర్పాటును చూడాలి.

వేట పోయి ఫోటో వచ్చిన తీరు

సఫారీ అన్నది స్వాహిలీ మాట. ప్రయాణం అని అర్థం. అరబ్బీ మూలం నుంచి వచ్చిన ఈ మాటకు హైదరాబాదు ఉర్దూలోని ‘సఫర్’ దగ్గరి చుట్టం. వలస పాలన కాలంలో దీని అర్థం వేటయాత్రగా కుదించుకుపోయింది. అయితే 20వ శతాబ్దం తొలి ఏళ్లలోనే జర్మన్ ప్రకృతి పరిశీలకుడు కార్ల్ గేయోర్గ్ షిల్లింగ్స్ నేటి టాంజానియా ప్రాంతంలో రాత్రివేళ ఫ్లాష్ వెలుగులో జంతువులను ఫోటో తీశాడు. ఆయన తుపాకీనీ వదల్లేదు. ఆ కాలంలో రెండూ కలిసే నడిచాయి. 1977లో కెన్యా వేటను నిషేధించాక అక్కడి సఫారీ పరిశ్రమ పూర్తిగా చూడటం మీద, ఫోటో తీయడం మీద ఆధారపడింది.

ఈ మార్పు జంతువులకు మేలే చేసింది, అందులో సందేహం అక్కర్లేదు. కానీ దానితోపాటు లెక్క కూడా మారింది. వేటలో ఒక సింహానికి డబ్బు కట్టే కస్టమరు ఒక్కడే ఉంటాడు. ఫోటోలో అదే సింహాన్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా, ఏడాది పొడవునా, వందలమందికి చూపించవచ్చు. ఒక్కో సందర్శన స్వల్పమే అయినా, అవన్నీ ఒకే ప్రాణి మీద పోగుపడతాయి. సమస్య పుట్టింది ఈ పోగులోనే.

దూరం లెక్క

మారా నిబంధనల ప్రకారం జంతువుకు కనీసం 25 మీటర్ల దూరంలో ఆగాలి. దాని చుట్టూ ఐదు వాహనాలకు మించి ఉండకూడదు. వెనక ఎవరైనా ఎదురుచూస్తుంటే పది నిమిషాల్లో తప్పుకోవాలి. ఈ 25 మీటర్లు కెమెరాలోంచి ఎలా కనిపిస్తాయో చూస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

పెద్ద సెన్సార్ ఉండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో, వెలుగును పట్టే ఆ సెన్సార్ వెడల్పు 36 మిల్లీమీటర్లు. దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపే 600 మిల్లీమీటర్ల లెన్స్ తగిలిస్తే 25 మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టే వెడల్పు ఒకటిన్నర మీటరు. తోకను వదిలేస్తే చీతా శరీరం పొడవు కూడా ఇంచుమించు అంతే కనుక ఫ్రేము నిండిపోతుంది. 400 లెన్స్‌తో రెండుంపావు మీటర్లు, 200తో నాలుగున్నర మీటర్లు పడుతుంది. ఇక మామూలు ఫోను ప్రధాన కెమెరా చూపు సుమారు 26 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. దాంతో 25 మీటర్ల దూరంలో ఫ్రేములో పట్టేది దాదాపు 35 మీటర్ల వెడల్పు. అందులో చీతా ఒక చుక్క. అయిదు రెట్ల జూమ్ ఉన్న ఫోనుతోనూ సుమారు ఏడు మీటర్ల గడ్డి మధ్య చిన్న బొమ్మగానే కనిపిస్తుంది.

అంటే పెద్ద లెన్సులు మోసుకొచ్చే వారికి 25 మీటర్లు చాలు, ఒక్కోసారి అదే ఎక్కువ దగ్గర. ‘ఇంకొంచెం ముందుకు పోనివ్వండి’ అని గైడును అడిగించేది ఎక్కువగా ఫోనే. సఫారీకి వచ్చే ప్రతి జేబులోనూ కెమెరా చేరడం, ఆ కెమెరా దూరపు దృశ్యానికి పనికిరాకపోవడం, ఈ రెండూ ఒకే కాలంలో జరగడం వాహనాలను ముందుకు లాగే మొదటి బలం.

దగ్గరికి వెళ్తే మంచి ఫోటో వస్తుందన్న నమ్మకంలోనూ ఒక లోపం ఉంది. పైకప్పు తెరుచుకునే ల్యాండ్‌క్రూజర్‌లో నిలబడితే కెమెరా నేలకు సుమారు 2.2 మీటర్ల ఎత్తున ఉంటుంది. చీతా కళ్లు 60 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకుంటే, 10 మీటర్ల దగ్గర నుంచి తీసిన ఫోటో తొమ్మిది డిగ్రీలు కిందికి వంగి చూస్తుంది. అదే 40 మీటర్ల నుంచి తీస్తే వంపు రెండుంపావు డిగ్రీలకు పడిపోతుంది. జంతువు కంటికి కన్ను కలిపినట్టుండే చిత్రం కావాలంటే దూరంగా ఉండి పొడవాటి లెన్స్ వాడటమే మార్గం. అనుభవం ఉన్నవారు ఖాళీ గుడ్డసంచిని పెట్టెలో వేసుకొచ్చి, క్యాంపు వంటగదిలో బియ్యమో చిక్కుడుగింజలో అడిగి నింపుకొని, కప్పు అంచున దాని మీద లెన్స్ ఆనించి కూర్చుంటారు. ఇంజను ఆపించి, ఉన్నచోటే గంటసేపు కదలకుండా ఉండే వాహనాలు చాలావరకు వీరివే.

వెలుగు కూడా గుంపుకు కారణమే. మారా భూమధ్యరేఖకు అతి సమీపంలో ఉంది. అక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా, గంటకు పదిహేను డిగ్రీల చొప్పున పైకెక్కుతాడు. ఫోటోలకు అనువైన ఏటవాలు వెలుగు ఉదయం గంట, గంటన్నరకు మించి నిలవదు. కాస్త పొద్దెక్కాక నేల వేడెక్కి గాలి అలలుగా కదులుతుంది. ఆ ఎండసెగలో ఎంత ఖరీదైన లెన్స్ అయినా దూరపు జంతువును స్పష్టంగా చూపలేదు. మధ్యనున్న గాలి పొర తగ్గాలంటే దగ్గరికి వెళ్లడం తప్ప దారి ఉండదు. ఉదయం ఒకే గంటలో అందరూ ఒకేచోట గుమికూడటం, మధ్యాహ్నం మరీ దగ్గరికి జరగడం, రెండింటికీ మూలం ఇక్కడుంది.

రేడియో, టిప్పు, టికెట్టు

వాహనంలో రేడియో గరగరమంటుంది. ‘డుమా’ అన్న ఒక్క మాట వినిపిస్తుంది. స్వాహిలీలో చీతా అని. వెంటనే ఏ వాగు దగ్గర, ఏ చెట్టు పక్కన అన్న వివరం. చుట్టుపక్కల ఉన్న గైడ్లందరూ బండ్లు తిప్పుతారు. ఇది స్వార్థంతో పుట్టిన అలవాటు కాదు. ఇవాళ నాకు దొరికింది నీకు చెబితే రేపు నీకు దొరికింది నాకు చెబుతావన్న ఇచ్చిపుచ్చుకోవడం. గైడ్ల మధ్య ఉన్న మంచి సంబంధమే జంతువు దగ్గరికొచ్చేసరికి రద్దీగా మారుతోంది.

గైడు రాబడిలో టిప్పుకు పెద్ద పాత్ర ఉంది. ప్రయాణం చివర్లో ఇచ్చే ఆ మొత్తం, చూపించిన జంతువులను బట్టీ తెచ్చిన ఫోటోలను బట్టీ పెరుగుతుందని గైడ్లు, పర్యాటకులు ఇద్దరూ అనుకుంటారు. నిబంధన దాటితే రేంజరు వేసే జరిమానా పడవచ్చు, పడకపోవచ్చు. నిబంధన పాటిస్తే మాత్రం పర్యాటకుడి మొహం అప్పటికప్పుడు ముడుచుకుంటుంది. ఏది ముందు కనిపిస్తే మనిషి దానికే తలొగ్గుతాడు. గైడ్లను మాత్రమే దోషులుగా నిలబెట్టే చర్చలు ఈ సంగతిని వదిలేస్తుండటం విచారకరం.

టికెట్టు మూడో బలం. నరోక్ కౌంటీ పాలనలో ఉన్న మారా రిజర్వుకు 2024 జనవరి నుంచి విదేశీ పర్యాటకుల రుసుము తొలి ఆరు నెలల్లో రోజుకు 100 డాలర్లు, జులై నుంచి డిసెంబరు వరకు 200 డాలర్లు. ఆ టికెట్టు పన్నెండు గంటలకే చెల్లుతుంది. రుసుము పెంచితే జనం తగ్గుతారన్న ఆలోచనకు తర్కం లేకపోలేదు. అయితే పన్నెండు గంటలకు 200 డాలర్లు కట్టిన మనిషి, ఉన్న కాస్త సమయంలోనే అన్నీ చూసేయాలని తొందరపడటం కూడా అంతే సహజం. ధర మనుషుల సంఖ్యను తగ్గించినా, వచ్చినవారి ఆత్రాన్ని పెంచగలదు.

చీతాకే ఎందుకు ఎక్కువ దెబ్బ

తెలుగులో చిరుత అన్న పేరును రెండు జంతువులకూ వాడేస్తున్నారు. చెట్టెక్కి, రాత్రివేళ వేటాడేది చిరుతపులి. ఇక్కడ చెబుతున్నది చీతా గురించి. కళ్ల నుంచి నోటి దాకా నల్లటి చార జారి ఉంటుంది. పగటివెలుగులో, బయలు మైదానంలో పరుగుతో వేటాడుతుంది. సింహం, చిరుతపులి, హైనా ఎక్కువగా చీకటిని నమ్ముకుంటే, చీతా పనివేళలూ పర్యాటకుల పనివేళలూ ఒకటే అయ్యాయి.

వేట ఎలా సాగుతుందో గమనిస్తే దెబ్బ ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. తల్లి చీతా చెదలపుట్ట మీదికెక్కి దూరంగా మేస్తున్న గజెల్‌లను (చిన్న జింకల్లాంటి జంతువులు) చూస్తుంది. తల వంచి, భుజాలు దించి, గడ్డిలో అడుగు తీసి అడుగు వేస్తూ, గజెల్ తలెత్తినప్పుడల్లా రాయిలా ఆగిపోతూ ముందుకు సాగుతుంది. పరుగు మొదలయ్యాక అంతా నిమిషం లోపే తేలిపోతుంది కనుక, ఫలితం ఆ పరుగుకు ముందు ఎంత దగ్గరికి చేరగలిగిందన్న దాని మీదే ఆధారపడుతుంది. సరిగ్గా ఈ సమయంలోనే గైడ్లు చీతా ఎటు పరుగెత్తుతుందో ఊహించి, అది ఎదురుగా పరుగెత్తి వస్తున్న ఫోటో కోసం గజెల్‌కూ చీతాకూ మధ్య ఖాళీలోకి బండ్లు నడుపుతారు. ఇంజను శబ్దానికి గజెల్ చెవులు నిక్కబొడుచుకుంటాయి. తల్లి పుట్ట దగ్గరికి తిరిగొస్తుంది. పిల్లలు ఆకలితోనే ఉంటాయి.

వేట ఫలించినా కథ అక్కడితో అయిపోదు. పరుగుతో రొప్పుతున్న చీతా కొన్ని నిమిషాల పాటు తినలేకపోతుంది, పోరాడలేకపోతుంది. దాని ఆహారాన్ని సింహాలూ హైనాలూ లాక్కోవడం మామూలే. చుట్టూ వలయంగా నిలిచిన వాహనాల వల్ల వచ్చే శత్రువు కనిపించదు. తల్లికీ పిల్లలకూ మధ్య బండ్లు కదులుతుంటే పిల్లలు తప్పిపోయే ప్రమాదమూ ఉంది.

2018లో ప్రచురితమైన ఫెమ్కే బ్రూఖౌస్ పరిశోధన ఈ అనుమానాలకు అంకెలు జోడించింది. మారాలో పర్యాటకుల ఒత్తిడి ఎక్కువగా ఉన్న చోట్ల, ఒక్కో కాన్పులో స్వతంత్రంగా బతికే వయసుకు చేరిన పిల్లల సగటు 0.2. ఒత్తిడి తక్కువ ఉన్న చోట్ల అది 2.3. పదకొండు రెట్లకు పైగా తేడా. పర్యాటకుల చేతుల్లో పిల్లలు నేరుగా చనిపోయాయని ఆ పరిశోధన చెప్పలేదు. తల్లి ప్రవర్తన మారడం, వేటలు చెడటం, ఆహారం పోగొట్టుకోవడం వంటి పరోక్ష కారణాలనే సూచించింది. ఒక్కో రోజు జరిగే ఆటంకం చిన్నదే కావడం వల్ల, ఏ ఒక్క పర్యాటకుడికీ తాను చేసిన నష్టం కళ్లకు కనబడదు. ఈ సమస్యను నమ్మించడం కష్టమవడానికి అసలు కారణం అదే.

నది దాటే చోట

ఏటా సెరెంగెటి, మారా మధ్య తిరిగే వలస మందల్లో వైల్డ్‌బీస్ట్‌లే పదమూడు లక్షల వరకు ఉంటాయి. అవి మారా నదిని దాటే దృశ్యం కోసమే జులై నుంచి అక్టోబరు వరకు రద్దీ ఉచ్చస్థితికి చేరుతుంది. ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. నదిలో జరిగే ప్రతి జంతువు చావునూ పర్యాటకుల ఖాతాలో వేయడం సరికాదు. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం ఏటా సగటున 6,250 వైల్డ్‌బీస్ట్ కళేబరాలు ఆ నదిలో చేరుతున్నాయి. మొసళ్లు, రాబందులు, చేపలు వాటి మీద బతుకుతాయి. ఎముకల్లోని భాస్వరం ఏళ్ల తరబడి నీటిలోకి కరుగుతూ ఉంటుంది. అది నది బతుకులో భాగం.

మనిషి జోక్యం మొదలయ్యేది మంద ఎంచుకునే తావు దగ్గర. ఒడ్డున వేలాది జంతువులు పోగై, ముందున్నది వెనకాడుతూ, ఒక్కటి దూకగానే మిగతావన్నీ దాని వెంట పడతాయి. అవతలి ఒడ్డున ఏటవాలుగా ఎక్కే దారిలో బండ్లు నిలిపితే, మంద వెనుదిరుగుతుంది, లేదా నిట్టనిలువు గట్టున్న చోట దిగుతుంది. అలాంటి గట్టు ఎక్కలేక వెనక్కి జారే జంతువుల మీద వెనకనుంచి వచ్చేవి పడతాయి. మొదటి జంతువులు నీటిలోకి దిగేవరకు వాహనాలు ఒడ్డుకు దూరంగా ఆగాలన్న నియమం ఇందుకే పుట్టింది.

హద్దు గీసిన చోట్ల

మారా రిజర్వు విస్తీర్ణం సుమారు 1,510 చదరపు కిలోమీటర్లు. దాని సరిహద్దుల్లో మసాయి కుటుంబాల సొంత భూములను కలిపి ఏర్పాటు చేసిన కన్సర్వెన్సీలు ఉన్నాయి. పర్యాటక సంస్థలు ఆ భూమికి నెలనెలా కౌలు చెల్లిస్తాయి. బదులుగా ఆ ప్రాంతంలో బస చేసినవారికే ప్రవేశం. ఓలారే మోటొరోగి కన్సర్వెన్సీలో ఒక గుడారానికి 700 ఎకరాల చొప్పున లెక్కగట్టారు. ఇక్కడ వాహనాల సంఖ్య జంతువు దగ్గర కాదు, మంచాల సంఖ్య దగ్గరే నిర్ణయమైపోతుంది. ఐదు వాహనాల నియమం అమలవుతుందంటే, ఆరోది వచ్చే అవకాశమే తక్కువ కనుక. బ్రూఖౌస్ అంకెల్లోని తేడాకు నేపథ్యం కూడా ఇదే. అయితే ఇందుకు ధర ఉంది. ఈ గుడారాల్లో ఒక రాత్రి బస మధ్యతరగతి ప్రయాణికుడికి అందేది కాదు. 2020లో కోవిడ్ వల్ల పర్యాటకులు ఆగిపోయినప్పుడు కౌలు మీద ఆధారపడిన కుటుంబాలు ఎంత ఇబ్బంది పడ్డాయన్నదీ మరచిపోకూడదు.

దక్షిణాఫ్రికాలో రెండు పద్ధతులు పక్కపక్కనే కనిపిస్తాయి. క్రూగర్ జాతీయ ఉద్యానంలో ఎవరి కారు వారే నడుపుకోవచ్చు, రోడ్డు దిగకూడదు. దాన్ని ఆనుకున్న సాబీ శాండ్ ప్రైవేటు అడవుల్లో గైడు రోడ్డు దిగి పొదల్లోకీ వెళ్లగలడు, కానీ ఒక జంతువు దగ్గర సాధారణంగా రెండు మూడు వాహనాలనే ఉంచి, మిగతావాటిని రేడియోలోనే దూరంగా వరుసలో ఆపుతారు. మారాలో గుంపును పిలిచే రేడియోయే అక్కడ గుంపును ఆపుతోంది. పరికరం ఒకటే, దాన్ని నడిపే కట్టుబాటు వేరు.

అన్నిటికన్నా గట్టి హద్దు రువాండా, ఉగాండా కొండల్లో ఉంది. ఒక గొరిల్లా కుటుంబాన్ని రోజుకు ఎనిమిది మంది మాత్రమే, ఒక్క గంట మాత్రమే చూడవచ్చు, ఫ్లాష్ వాడకూడదు. రువాండాలో ఆ గంట ధర 2017 నుంచి 1,500 డాలర్లు. 2018లో కొండ గొరిల్లాలను అంతరించే ముప్పు అత్యంత ఎక్కువగా ఉన్న వర్గం నుంచి, ఒక మెట్టు తక్కువ ముప్పున్న వర్గానికి మార్చారు. పశువైద్యులు, కాపలాదారులు, చుట్టుపక్కల గ్రామాల సహకారం లేకుండా అది సాధ్యమయ్యేది కాదు. ఆ వ్యవస్థకు డబ్బు తెచ్చిపెట్టింది మాత్రం ఆ గంట టికెట్టే.

చిత్రబృందాలు, డ్రోన్లు, ఫోటోలో దాగిన చిరునామా

డాక్యుమెంటరీ బృందాల పద్ధతి వేరు. ఒకే వాహనం ఒకే జంతు కుటుంబాన్ని వారాల తరబడి, చాలా దూరం నుంచి అనుసరిస్తుంది. చాలా ఉద్యానాల్లో వాణిజ్య చిత్రీకరణకు విడిగా అనుమతి, విడిగా రుసుము ఉంటాయి. ఒక వాహనం నెల రోజులు చేసే ఒత్తిడి, నలభై వాహనాలు గంటలో చేసే ఒత్తిడి కన్నా తక్కువేనని చెప్పవచ్చు. చిక్కల్లా తెర మీద కనిపించే ఫలితంతోనే. నెలల ఓపికతో పట్టిన అరనిమిషపు వేటను చూసినవారు, మూడు రోజుల ప్రయాణంలో అదే తమకూ కనిపించాలని ఆశిస్తారు.

డ్రోన్లను కెన్యా, టాంజానియా, దక్షిణాఫ్రికా, బోట్స్‌వానా ఉద్యానాల్లో అనుమతి లేకుండా ఎగరేయకూడదు. కారణం తెలుసుకోవాలంటే టాంజానియా పొలాలు చూస్తే చాలు. పంటల మీదికొచ్చే ఏనుగులను తరమడానికి అక్కడ ప్రయోగాత్మకంగా వాడినవి డ్రోన్లే. ఏనుగును పారిపోయేలా చేసే శబ్దం కింద, ఏనుగు సహజ ప్రవర్తనను చిత్రీకరించడం కుదిరే పని కాదు.

ఖడ్గమృగం విషయంలో ప్రమాదం ఫోటో తీశాక మొదలవుతుంది. ఫోను తీసిన చిత్రంలో, లొకేషన్ ఆపకపోతే, ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు కూడా నమోదవుతాయి. దక్షిణాఫ్రికాలో 2014లో 1,215 ఖడ్గమృగాలను వేటగాళ్లు చంపారు. 2024లో ఆ సంఖ్య 420. తగ్గినా రోజుకు ఒకటికి పైగానే. అందుకే చాలా చోట్ల గైడ్లు ఖడ్గమృగం కనిపించగానే ముందు ఫోనులో లొకేషన్ ఆపమంటారు, రేడియోలోనూ తావు చెప్పరు. జంతువులు కనిపించిన చోటును ఎప్పటికప్పుడు పంచే యాప్‌ల మీద దక్షిణాఫ్రికా ఉద్యానాల సంస్థ 2016లోనే అభ్యంతరం చెప్పింది. అక్కడ ప్రధాన ఫిర్యాదు అతివేగం, రోడ్డు మీద గుంపులు.

ఇకముందు

సాంకేతికత ఒక వైపు దూరాన్ని సులభం చేస్తోంది. 45 మెగాపిక్సెళ్ల చిత్రాన్ని పొడవూ వెడల్పూ సగానికి కత్తిరించినా 11 మెగాపిక్సెళ్లు మిగులుతాయి. శబ్దం లేని షట్టర్లు వచ్చాయి. మసకవెలుగులోనూ మంచి చిత్రాలు వస్తున్నాయి. కానీ ఇవి అందేది కొందరికే. ఫోనుతో వచ్చేవారి సంఖ్యే ఎక్కువ కనుక, రద్దీ మీద ఈ మెరుగుదల ప్రభావం కొద్దిగానే ఉంటుంది.

రిజర్వులో కట్టుబాట్లు బిగిస్తే డబ్బున్న పర్యాటకులు కన్సర్వెన్సీల వైపు, మిగతావారు సెరెంగెటి వైపు జరిగే అవకాశముంది. నది ఒకటే, దేశాలు రెండు, రుసుములు వేరు. ఒక ఒడ్డున వేసిన నియమం అవతలి ఒడ్డున లేకపోతే గుంపు చోటు మారుతుందే తప్ప తగ్గదు. సంస్థలు గైడ్లకు టిప్పు మీద ఆధారపడనంత జీతం ఇవ్వడం, నియమం పాటించినందుకు పర్యాటకుడు ఫిర్యాదు చేస్తే గైడు పక్షాన నిలబడటం, ప్రయాణం ఖరారయ్యే ముందే ‘25 మీటర్ల లోపు వెళ్లం’ అని రాతపూర్వకంగా చెప్పడం, ఇవి రుసుము పెంచడం కన్నా నేరుగా పనిచేస్తాయి.

ప్రస్తుతానికి 1,510 చదరపు కిలోమీటర్లలో ప్రతి చీతా పక్కనా రేంజరు నిలబడలేడు. చెదలపుట్ట మీద తల్లి, గడ్డిలో పిల్లలు, చుట్టూ అప్పటికే ఐదు వాహనాలు. రేడియోలో కబురు విని వచ్చిన ఆరో వాహనంలో, రేపు ఉదయం విమానమెక్కాల్సిన నలుగురు ఇప్పటిదాకా చీతాను చూడనివారు. నియమం ప్రకారం ఆగాలో, ముందుకు పోవాలో తేల్చుకోవలసిన బరువంతా స్టీరింగు పట్టుకున్న ఒక్క మనిషి మీదే ఉంది.